ఆరు వారాలు ఆగు, బుజ్జీ

తెనాలి,
జూలై 6

చి. ల. సౌ. బుజ్జికి,

మీ అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోన్లో అడిగినదానికి ఏదో చెప్పాను గానీ, పక్కన మీ మామయ్య టీవీ గోల. సగం నీకు వినపడలేదు, సగం నేను చెప్పలేదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, మధ్యలో మెట్లు వదిలేసి జవాబు రాస్తే నాకే మార్కులు వేసుకోబుద్ధి కాదు.

జూన్ 20న థైరాయిడ్‌కి 50 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టావు. అప్పటికి టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, 14.2. ఆగలేక జూలై 4న, అంటే పధ్నాలుగో రోజునే, మళ్లీ రక్తం ఇచ్చొచ్చావు. 9.8 వచ్చింది. "ఇంకా ఎక్కువే ఉంది అత్తయ్యా, పక్క ఫ్లాటు ఆవిడ 75 వేసుకుంటుందట, నేనూ 75 చేసేయనా?" అన్నావు.

చేయకు. 50 మీదే ఉండు. ఆగస్టు 1 నుంచి 15 లోపు పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు పట్టుకుని నీకు మందు రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లు. పెంచాలో వద్దో ఆవిడ చెబుతుంది. పక్క ఫ్లాటు ఆవిడ బరువు వేరు, వయసు వేరు, ఆవిడ గ్రంథిలో మిగిలిన సత్తువ వేరు. అద్దె కళ్లజోడు పెట్టుకుని ఎవరూ చదవరు కదా.

ఆగస్టు 1 అని ఎందుకన్నానో చెప్తాను. ఆవకాయ పెట్టిన రోజే ఎవరైనా వేలితో నాకి ఉప్పు చాల్లేదంటే మీ నాయనమ్మ ఊరుకునేది కాదు. "మూడో రోజు తిరగేసినప్పుడు చూసి చెప్పు" అనేది. ముక్కలో ఊట దిగాలి, ఉప్పు కరగాలి, అప్పుడు గానీ నాలిక్కి అసలు సంగతి తెలియదు. థైరాయిడ్ మాత్రకి ఆ మూడో రోజు ఆరు వారాలకి వస్తుంది.

నువ్వు వేసుకునేది లీవోథైరాక్సిన్. సీసా మీద థైరోనార్మ్ అనో ఎల్ట్రాక్సిన్ అనో థైరాక్స్ అనో ఉంటుంది, లోపలి మందు ఒకటే. పారాసెటమాల్ రెండు మూడు గంటల్లో ఒంట్లో సగానికి తగ్గిపోతుంది. ఇది సగం కావడానికి దాదాపు వారం పడుతుంది. అంటే నిన్నటి మాత్ర చాలావరకు ఉండగానే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. అలా పోగుపడుతూ, చివరికి నిలవాల్సిన మట్టంలో మొదటి వారానికి సగం, రెండో వారానికి ముప్పావు, మూడో వారానికి నూటికి 87, నాలుగో వారానికి 94, ఐదో వారానికి 97 వంతులకు చేరుతుంది. పదో తరగతి శ్రేఢుల పాఠమే, గుర్తుందా? నువ్వు పరీక్ష చేయించింది ముప్పావు దగ్గర. పైగా రక్తంలో హార్మోను సర్దుకున్నాక కూడా టీఎస్‌హెచ్ దిగిరావడానికి ఇంకొంచెం సమయం తీసుకుంటుంది.

ఆ టీఎస్‌హెచ్ ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. అది థైరాయిడ్ గ్రంథి తయారుచేసేది కాదు. తలలో ఉండే పిట్యూటరీ గ్రంథి మెడలో ఉన్న థైరాయిడ్‌ని పనిచెయ్యమని వేసే కేక. కింద పని మందగిస్తే పైన కేక పెద్దదవుతుంది. కింద పని ఎక్కువైపోతే పైన నోరు మూసుకుంటుంది. కాబట్టి టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందంటే థైరాయిడ్ హార్మోను తక్కువైందని. ఈ తిరకాసు తెలియక మా తోటికోడలు ఒకసారి రిపోర్టులో 18 చూసి "అమ్మో థైరాయిడ్ పెరిగిపోయింది" అని మాత్ర మానేసింది. రెండు నెలలకి మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మాట్లాడుతూనే నిద్రపోయే స్థితికొచ్చింది. నీ రిపోర్టు ఎవరికి చూపించినా, అంకె పక్కన పైకి చూపే బాణం గుర్తు చూసి "తగ్గించుకో" అనే మహానుభావుడు ఒకడు తప్పకుండా ఉంటాడు. విని నవ్వి ఊరుకో.

ఇంకొకటి. రక్తంలోని థైరాయిడ్ హార్మోను, అదే టీ4, కొద్దిగా అటూఇటూ అయితే టీఎస్‌హెచ్ రెట్లకు రెట్లు కదులుతుంది. పధ్నాలుగు రోజుల్లో 14.2 నుంచి 9.8కి దిగిందంటే నీ మాత్ర పనిచేస్తోందనే అర్థం. ఏడవాల్సిన రిపోర్టు కాదది.

ఇప్పుడు నా కథ. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

నాకు ఇది 1998లో బయటపడింది. 38 ఏళ్లు అప్పటికి. డోసు 100 దగ్గర కుదిరి, పదేళ్లు నేను థైరాయిడ్ మనిషినని నాకే గుర్తులేనంత హాయిగా గడిచింది. 2009లో మోకాళ్ల నొప్పులకి కాల్షియం మాత్రలు రాశారు. స్కూలుకి వెళ్లే హడావిడి. పొద్దున్నే అన్ని మాత్రలూ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్క కాఫీతో మింగేసేదాన్ని. ఆర్నెల్లకి టీఎస్‌హెచ్ 11. డోసు 125 చేశారు. మళ్లీ చూస్తే 7. 150 చేశారు. అప్పుడు కాస్త దారికొచ్చింది. నన్ను ఎవరూ "ఎలా వేసుకుంటున్నావు" అని అడగలేదు, నేనూ చెప్పలేదు. కాల్షియం రాసిన డాక్టరు వేరు, థైరాయిడ్ చూసే డాక్టరు వేరు, నేనేమో ఇద్దరి దగ్గరా బుద్ధిగా తలూపే మనిషిని.

2011లో మీ వదినకి తోడుగా పుణె వెళ్లి రెండు నెలలు ఉన్నాను. కాల్షియం డబ్బా తెనాలిలో మర్చిపోయాను. అక్కడ మనవడితో తెల్లవారకముందే లేవడం, లేవగానే మాత్ర వేసుకోవడం, అందరూ లేచాకే కాఫీ. నెలన్నర అయ్యేసరికి గుండె దడ. చేయి వణికి టీ కప్పు సాసర్లో టకటకలాడేది. రాత్రుళ్లు నిద్ర లేదు. నాలుగు కిలోలు తగ్గాను, అందరూ "భలే సన్నబడ్డావే" అంటుంటే మురిసిపోయాను కూడా. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.04. అక్కడి డాక్టరు కుర్రాడు, నీకంటే రెండు మూడేళ్లు పెద్ద ఉంటాడేమో, "డోసు ఎంతో తర్వాత చూద్దాం, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం నోట్లో వేసుకుంటారో వరసగా చెప్పండి" అన్నాడు. చెప్పాను. కాల్షియం పేగులోనే ఈ మాత్రని పట్టేసుకుంటుందని, 150లో ఎంతో వృథాగా పోతోందని, కాల్షియం ఆగగానే మొత్తం ఒంటికి పట్టి డోసు ఎక్కువైపోయిందని అప్పుడు తెలిసింది. మళ్లీ 100కే వచ్చాను. ఆ రెండేళ్లూ పెరిగిన డోసంతా కాల్షియంకి కప్పం కట్టినట్టే.

అందుకే నేను ఎవరికైనా చెప్పే మాట ఇదే: డోసు పెంచేముందు, ఉన్న డోసు నిజంగా ఒంట్లోకి వెళ్తోందా చూసుకో.

ఎలా వేసుకోవాలంటే, పరగడుపున, మంచినీళ్లతో, ఒక్కటే. తర్వాత కాఫీకి గానీ టిఫినుకి గానీ గంట ఆగితే మంచిది, మరీ కుదరకపోతే అరగంట. కాఫీ, పాలు, సోయా, అన్నీ ఎంతో కొంత అడ్డుపడేవే. రాగి జావ ఒంటికి మంచిదని మాత్ర వెంటనే తాగకు, దానికీ ఆ గంట వర్తిస్తుంది. కాల్షియం, ఐరన్ మాత్రలకి మాత్రం గంట సరిపోదు, నాలుగు గంటలు ఎడం ఉండాలి. నేను కాల్షియం మధ్యాహ్నం భోజనంతో వేసుకుంటాను. మీ అమ్మ వేసుకునే గ్యాస్ మాత్రలున్నాయే, పాంటొప్రజోల్ లాంటివి, అవీ కడుపులో ఆమ్లం తగ్గించి ఈ మాత్రని సరిగ్గా పట్టనివ్వవు. ఎప్పుడో ఒకటి వేసుకుంటే పరవాలేదు. నెలల తరబడి వాడాల్సి వస్తే డాక్టరుకి చెప్పు.

కాఫీ లేకుండా గంటసేపు ఉండడం మన వంశంలో ఎవరి వల్లా కాదని నాకు తెలుసు. నా ఉపాయం: సీసా, స్టీలు గ్లాసుతో నీళ్లు మంచం పక్కనే. తెల్లవారుజామున ఎప్పుడు మెలకువ వచ్చినా వేసేసుకుని మళ్లీ పడుకుంటాను. పాలవాడు బెల్లు కొట్టేసరికి గంట ఎప్పుడో దాటిపోతుంది. నీకు రాత్రి షిఫ్టులు కాబట్టి ఇది కుదరకపోతే, పడుకోబోయే ముందు వేసుకోవడం ఉంది. భోజనం చేసి మూడు గంటలు దాటి ఉండాలి. నెదర్లాండ్స్‌లో చేసి 2010లో ప్రచురించిన ఒక పరీక్షలో, రాత్రి పడుకునే ముందు వేసుకున్నవాళ్లకి పొద్దున వేసుకున్నప్పటికంటే టీఎస్‌హెచ్ మెరుగ్గానే వచ్చింది. కానీ పదిన్నరకి బిర్యానీ తెప్పించుకుని పదకొండున్నరకి మాత్ర వేసుకుంటానంటే ఒప్పుకోను. పొద్దునా రాత్రా ఏదైనా ఒకటి ఎంచుకో, దాని మీదే ఉండు. రోజుకోలా మార్చకు.

మా వెనకింటి షహనాజ్ రంజాన్ నెలంతా ఇలాగే రాత్రి పద్ధతికి మారుతుంది. ఇఫ్తార్ అయిన మూడు గంటలకి వేసుకుంటుంది, డాక్టరుతో ముందే మాట్లాడుకుని. నేను కార్తీక సోమవారాలు ఉంటాను కదా, ఆ రోజూ మాత్ర మానను. గుక్కెడు నీళ్లకి శివుడికి కోపం రాదు.

ఇక పరీక్ష రోజు. దీని గురించే నువ్వు ఎక్కువ అడిగావు, దీని గురించే జనం ఎక్కువ తప్పులు చేస్తారు.

టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. తిన్నాక కూడా కొంత దిగుతుంది. ఒకసారి పొద్దున ఏడింటికి, ఇంకోసారి ఆఫీసు నుంచి వస్తూ సాయంత్రం ఇచ్చి రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే, ఒక పిల్లాడి ఎత్తు చెప్పులతో ఒకసారి, చెప్పుల్లేకుండా ఒకసారి కొలిచినట్టే. కాబట్టి ప్రతిసారీ ఒకే ల్యాబు, ఒకే గంట. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య, ఏమీ తినకముందు అని పెట్టుకో. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేవాళ్లు ఉన్నారుగా ఇప్పుడు, ఆ వేళకే రమ్మను.

ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాక వేసుకో. ఎందుకంటే మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో రక్తంలో టీ4 తాత్కాలికంగా పొంగుతుంది. ఆ పొంగు మీద కొలిస్తే ఫ్రీ టీ4, అంటే రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా తిరిగే టీ4, ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ ఒక్క పూట మాత్రకి కదలదు, కాబట్టి పొరపాటున వేసేసుకుంటే కొంప మునగదు. వేసుకున్నానని డాక్టరుకి చెప్తే చాలు. మాత్ర సీసా చేతి సంచిలో పెట్టుకుని వెళ్లు, రక్తం ఇచ్చిన కుర్చీలోనే వేసుకోవచ్చు. "పరీక్ష అయ్యాక వేసుకుందాంలే" అని ఆ రోజంతా మర్చిపోయేవాళ్లని చాలామందిని చూశాను.

జుట్టు రాలుతోందని నువ్వు తప్పకుండా ఏవో జెల్లీ బిళ్లలు తెప్పించుకుని ఉంటావు. వాటిలో బయోటిన్ అనే బి విటమిన్ ఉంటుంది. చాలా ల్యాబుల్లో ఈ హార్మోన్లని కొలిచే పద్ధతిలో బయోటినే ఒక పనిముట్టు. నీ రక్తంలో అది ఎక్కువుంటే యంత్రం తికమకపడి టీఎస్‌హెచ్‌ని లేనంత తక్కువగా, టీ4ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. కాగితం చూస్తే డోసు ఎక్కువైనట్టు కనిపిస్తుంది, మనిషేమో నీరసంగా ఉంటుంది. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపెయ్. మరీ పెద్ద డోసువైతే ఎన్నాళ్లు ఆపాలో అడుగు. మల్టీవిటమిన్ సీసా వెనక సన్న అక్షరాలు కూడా చదువు.

జ్వరంగా ఉన్నప్పుడు, ఆస్పత్రిలో ఉండి వచ్చిన వెంటనే, ఈ పరీక్ష చేయించకు. ఒళ్లు బాగోలేనప్పుడు టీఎస్‌హెచ్ దానంతటదే గతి తప్పుతుంది. స్టెరాయిడ్ మందులు కూడా దాన్ని దించుతాయి. కోలుకున్నాక కొన్ని వారాలు ఆగి చేయించుకో.

మా స్కూల్లో హిందీ పంతులమ్మ ఒకావిడ ఉండేది. నెలంతా మాత్ర వారానికి రెండు రోజులు, పరీక్ష ఉందంటే ముందు పది రోజులు మాత్రం నిష్ఠగా రోజూ. అచ్చం మన పిల్లలు పరీక్షల ముందు గైడ్లు చదివినట్టు. ఆవిడ రిపోర్టులో టీ4 శుభ్రంగా ఉండేది, టీఎస్‌హెచ్ 20 దాటి ఉండేది. టీ4 ఈ మధ్య రోజుల సంగతి చెప్తుంది, టీఎస్‌హెచ్ వెనకటి వారాల బాకీ చెప్తుంది. మీ మామయ్య షుగరు కూడా అంతే. పరగడుపు పరీక్షకి ముందు రోజు జిలేబీ మానేసి మమ్మల్ని మోసం చేస్తారు, మూడు నెలల సగటు పరీక్ష మాత్రం ఆయన్ని పట్టిస్తుంది.

ఎప్పుడెప్పుడు చేయించాలంటే, డోసు మారిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకి. సీసా కంపెనీ మారినా అంతే. కుదిరాక ఆర్నెల్లకి ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారి. ప్రతిసారీ పది పరీక్షల ప్యాకేజీ తీసుకోకు. కుదిరిన మనిషికి టీఎస్‌హెచ్, డాక్టరు అడిగితే ఫ్రీ టీ4, అంతే చాలా సందర్భాల్లో. యాంటీ టీపీవో పరీక్ష, అదే థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది, ఒకసారి చేశారు కదా, నీ ఒంటి రక్షణ వ్యవస్థే నీ గ్రంథి మీద తిరగబడిందని తెలిసింది. 1912లో జపాన్ డాక్టరు హషిమొటో మొదట రాసిన జబ్బు అది, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ యాంటీబాడీల సంఖ్య పెరిగిందా తగ్గిందా అని ఏటా డబ్బు తగలేసి చూసుకోవడం వల్ల డోసులో ఏమీ మారదు.

అంకె చదవడంలో ఒక మాట. ల్యాబు వేసే హద్దులు సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా ఉంటాయి. పోయినసారి 2.1, ఈసారి 3.3 వస్తే జబ్బు ముదిరిందని కాదు. అంత ఊగిసలాట మామూలే. నా వయసు వాళ్లకి ఆ పై హద్దు ఇంకాస్త ఎక్కువున్నా డాక్టర్లు కంగారుపడరు. నాకు ఇప్పుడు 66, డోసు 88కి దించారు, టీఎస్‌హెచ్ 4 దగ్గర తిరుగుతుంటే మా డాక్టరు చిద్విలాసంగా నవ్వుతాడు. వయసు మళ్లినవాళ్లకి డోసు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు బోలుపడతాయి. నాకు భయమంతా అటువైపే.

సీసా సంగతి. మన దగ్గర దొరికే సీసాలో 120 మాత్రలు వస్తాయి. విప్పిన రోజు తారీఖు పెన్నుతో దాని మీదే రాసెయ్. మార్చి 1న విప్పిన సీసా జూన్ 28న ఖాళీ కావాలి. ఆ రోజుకి ఇంకా తొమ్మిది మిగిలాయంటే తొమ్మిది పూటలు ఎగ్గొట్టావని లెక్క. ఈ ఒక్క లెక్క ఏ డాక్టరుకైనా నీ టీఎస్‌హెచ్ కంటే ముందు చెప్పాలి. ఫ్రిజ్ పైన, పొయ్యి పక్క గూట్లో, బాత్రూములో పెట్టకు. వేడి, తేమ, వెలుతురు మూడూ దానికి పడవు. మే నెలలో మన తెనాలి ఇల్లు ఎలా ఉడుకుతుందో తెలుసుగా, నేను పడగ్గదిలో బీరువా లోపల పెడతాను. వారం డబ్బాల్లో నెలలకి నెలలు సర్దిపెట్టకు.

మందుల షాపులో "అదే మందమ్మా" అని వేరే కంపెనీ సీసా ఇస్తాడు. మందు అదే, నిజమే. కానీ కంపెనీకీ కంపెనీకీ ఒంటికి పట్టడంలో చిన్న తేడాలుంటాయి, ఈ మందుకి చిన్న తేడా కూడా లెక్కే. వీలైనంత వరకు ఒకే సీసా అడుగు. మైక్రోగ్రాములు చూసుకో. 50 మైక్రోగ్రాములంటే 0.05 మిల్లీగ్రాములు. అమెరికా నుంచి మీ బావ ఎప్పుడైనా పంపితే దాని మీద రెండు రకాలుగా రాసి ఉంటుంది, కంగారుపడకు. ఒక్కోసారి డాక్టర్లు ఐదు రోజులు 75, శని ఆదివారాలు 100 అని రాస్తారు. వారానికి 575, రోజుకి సగటున 82. ఇంత నెమ్మది మందుకి వారం లెక్కే ముఖ్యం, కాబట్టి అది తప్పుగా రాశారనుకోకు. రెండు సీసాలూ కలిసిపోకుండా మూతల మీద గుర్తు పెట్టుకో.

ఒక రోజు మర్చిపోతే ఏడవకు. ఆ రోజే గుర్తొస్తే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకో. మర్నాటికి గుర్తొస్తే రెండూ కలిపి వేసుకోవచ్చా అని నీ డాక్టరుని ముందే అడిగి పెట్టుకో. నాకు వేసుకోమన్నారు, గుండె జబ్బున్న మా అన్నయ్యకి, అదే మీ నాన్నకి, వద్దన్నారు.

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మ చెవిలో వేసింది, పిల్లల గురించి ఆలోచిస్తున్నారని. నాకు చెప్పలేదని నీ మీద అలిగాను, తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది విను. కడుపులో బిడ్డకి మొదటి మూడు నెలలూ సొంత థైరాయిడ్ హార్మోను ఉండదు, నీదే వాడుకుంటుంది. అందుకే ప్రయత్నం మొదలుపెట్టకముందే టీఎస్‌హెచ్ 2.5 లోపుకి తెచ్చుకోవాలి. నెల తప్పి పరీక్షలో గీత కనిపించిన రోజే డాక్టరుకి ఫోను చెయ్యి. అపాయింట్‌మెంట్ దొరికే దాకా, శుక్రవారం మంచి రోజు వచ్చే దాకా ఆగకు. డోసు అవసరం నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది. చాలామంది డాక్టర్లు ఆ రోజు నుంచే వారానికి ఏడు మాత్రల బదులు తొమ్మిది వేసుకోమంటారు. నీ విషయంలో ఏం చెయ్యాలో ఇప్పుడే, ముందుగానే, చీటీ మీద రాయించుకుని సీసాకి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకో. ఆ తర్వాత ఈ ఆరు వారాల సూత్రం చెల్లదు. అయిదో నెల వచ్చే దాకా నాలుగు వారాలకోసారి పరీక్ష, మళ్లీ ముప్పయ్యో వారం దగ్గర ఒకటి. గర్భిణికి ఐరన్, కాల్షియం ఎలాగూ ఇస్తారు, నా 2009 కథ మర్చిపోకు, నాలుగు గంటలు. కాన్పయ్యాక మామూలుగా పాత డోసుకే తెస్తారు, ఆరు వారాలకి పరీక్ష చేస్తారు. పాలివ్వడానికి ఈ మాత్ర అడ్డు కాదు.

బరువు గురించి నువ్వు అడగలేదు గానీ అడుగుతావు. ఈ జబ్బు వల్ల చేరే బరువు మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ నీరే. డోసు కుదిరితే అది పోతుంది. మిగతాది థైరాయిడ్ ఖాతాలో రాయకు, అది మీ ఆఫీసు క్యాంటీన్ ఖాతా. సన్నబడడానికి డోసు పెంచుకోవడమంటే పుణెలో నేను పడ్డ దడ కొనుక్కోవడమే.

ధనియాల నీళ్లు తాగమని నీకు ఈపాటికి పదిమంది చెప్పి ఉంటారు. తాగు, బాగుంటాయి, మాత్ర వేసుకున్న గంట తర్వాత. వాటి వల్ల మాత్ర మానెయ్యొచ్చన్నవాళ్లతో మాత్రం వాదించకుండా లేచి వచ్చెయ్. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని తింటే ఏమీ కాదు. అశ్వగంధ వేసుకుంటే డాక్టరుకి చెప్పు, అది కొందరిలో థైరాయిడ్ హార్మోన్లని పెంచుతుంది, అంకెలు తారుమారవుతాయి.

"జీవితాంతమా అత్తయ్యా?" అని నీ గొంతు బొంగురుపోయింది నిన్న. నీ రకం జబ్బుకి చాలామందికి అంతే. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే డాక్టరు 46 ఏళ్ల ఒకావిడకి గొర్రెల థైరాయిడ్ గ్రంథుల రసం ఎక్కించాడు. ఈ జబ్బుకి అలా వైద్యం పొందిన మొదటి మనిషి ఆవిడే. చావుకి దగ్గరైన మనిషి లేచి తిరిగింది, 1919 దాకా, ఇంకో 28 ఏళ్లు, 74వ ఏట పోయేదాకా ఆ రసంతోనే బతికింది. అన్నేళ్లలో ఆవిడ కోసం 870 గొర్రెలకి పైగా ఖర్చయ్యాయట. నేనూ వేసుకుంటున్నది 28 ఏళ్లుగానే. నాకు గొర్రెలు అక్కర్లేదు, రోజుకి రెండు రూపాయల చుట్టుపక్కల అవుతుంది. మీ మామయ్య వక్కపొడి ఖర్చు అంతకంటే ఎక్కువ.

దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా విరేచనాలు ఉంటే ఆగస్టు దాకా ఆగకుండా డాక్టరుకి ఫోను చెయ్యి. ఛాతీలో నొప్పి వస్తే ఫోను కూడా వద్దు, నేరుగా ఆస్పత్రికే.

ఒక నోటు పుస్తకం పంపుతున్నాను ఈ ఉత్తరంతోపాటు. మొదటి పేజీలో గీతలు నేనే గీశాను: తారీఖు, డోసు, సీసా పేరు, రక్తం ఇచ్చిన గంట, టీఎస్‌హెచ్, ఆ నెలలో వాడిన వేరే మందులు. మొదటి రెండు వరసలు నింపాను, 14.2, 9.8 అని. రెండో దాని పక్కన "పధ్నాలుగో రోజు, లెక్కలోకి రాదు" అని ఎర్ర సిరాతో రాశాను. మూడో వరస ఆగస్టులో నువ్వు నింపి ఫోటో తీసి పంపు. మాగాయ సీసా కూడా కట్టాను, అల్లుడికి ఇష్టమని. పార్సెల్ తీసేటప్పుడు నిలువుగా పట్టుకో, మూత కొంచెం వదులు.

ఉంటాను,
మీ అత్తయ్య